‘ప్రశ్న ఉత్పన్నం కాదు’

శాసనసభలో ఒక సభ్యుడు లేచి ఒక ప్రభుత్వ శాఖను ప్రశ్నిస్తాడు. ఆ శాఖ మంత్రి లేచి జవాబు చదువుతాడు. ఈ రెండు క్రియల మధ్య నైతికంగా జరిగినదేమిటి? ఒకరికి తెలియని విషయాన్ని మరొకరు తెలిపారా? లేక ఒకరు లెక్క అడిగితే మరొకరు లెక్క ఒప్పజెప్పారా? పైకి ఈ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కాని తెలుసుకొనటానికి అడిగే ప్రశ్న సమాచారంతో తృప్తిపడుతుంది. లెక్క అడిగే ప్రశ్న బాధ్యుడు ఎదుటికి వచ్చి నిలబడినప్పుడు గాని తృప్తిపడదు. శాసనసభలో అడిగే ప్రశ్న ఏ కోవకు చెందినదో తేల్చుకొనకుండా ప్రజాస్వామ్యాన్ని గురించి ఎంత మాట్లాడినా ఉపయోగం లేదు.

ఈ విషయంలో మన మధ్య రెండు ధోరణులున్నాయి. ప్రశ్నోత్తరాల సమయమే ప్రజాస్వామ్యానికి ప్రాణమనీ, ఒక మంచి ప్రశ్న వేస్తే ప్రభుత్వం దిగివస్తుందనీ నమ్మేవారు కొందరు. అదంతా పాలకవర్గాల నాటకమనీ, అడిగేవాడూ చెప్పేవాడూ ఒక తానులోని గుడ్డలేననీ కొట్టిపారేసేవారు మరికొందరు. మొదటివారు ప్రశ్నకు లేని శక్తిని దానికి అంటగడుతున్నారు. రెండవవారు దానికి ఉన్న శక్తిని కూడా చేతులారా వదులుకొంటున్నారు. ఈ రెంటినీ గాలిలో చర్చించటం కంటే ఓరుగల్లు చెరువులను ముందు పెట్టుకొని పరిశీలిస్తే విషయం తేటపడుతుంది.

ముందుగా చరిత్ర కొంత చెప్పుకోవాలి. ప్రభుత్వాన్ని సభలో ప్రశ్నించటమనే ఆచారానికి తొలి దాఖలా 1721లో బ్రిటిష్ ప్రభువుల సభలో కనిపిస్తుంది. సౌత్ సీ కంపెనీ కుంభకోణంలో పరారైన కంపెనీ కోశాధికారి పట్టుబడిన మాట నిజమేనా అన్నది ఆ ప్రశ్న. అంటే ప్రజాధనం ఎవరి పాలయిందన్న సంశయం నుండే ఈ హక్కు పుట్టింది. మన దేశంలో 1892 చట్టం శాసన మండలి సభ్యులకు ప్రశ్నించే హక్కును షరతులతో ఇచ్చింది. అనుబంధ ప్రశ్న వేసే అవకాశం 1909లో వచ్చింది. అదీ ప్రశ్న వేసినవానికి మాత్రమే. ఇతర సభ్యులకు ఆ హక్కు దక్కటానికి 1919 సంస్కరణల దాకా ఆగవలసి వచ్చింది. మొదటి జవాబు విన్న తరువాత రెండవ ప్రశ్న వేయకుండా నోరు కట్టివేయాలని పరాయి పాలకులు ఎందుకంత తాపత్రయపడ్డారో గమనించండి. మొదటి ప్రశ్నకు జవాబును కచేరీలో ముందుగా రాసిపెట్టుకోవచ్చు. రెండవ ప్రశ్నకు మనిషి జవాబు చెప్పవలసి వస్తుంది.

హైదరాబాదు సంస్థానంలో ఈ పాటి హక్కు కూడా జనానికి అందలేదు. గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రోజులలో అనుమతి లేనిదే బహిరంగ సభ పెట్టుకొనటానికే వీలు లేదు. ఇక సర్కారును నిలదీయటం ఎక్కడి మాట? బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్న ఆందోళన, ఆ వెనుక సాగిన రైతాంగ సాయుధ పోరాటం, వాటి పర్యవసానంగా వచ్చిన 1952 ఎన్నికలు - ఇవన్నీ దాటిన తరువాతనే ఈ ప్రాంతపు ప్రజలకు చట్టసభలో ప్రశ్న అనేది చేతికి వచ్చింది. ఆ ఎన్నికలలో ప్రజాస్వామిక సంఘటన అభ్యర్థిగా పెండ్యాల రాఘవరావును వరంగల్లు లోక్‌సభకు పంపింది. కాబట్టి ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. దాన్ని తేలికగా చూసేవారు ముందుగా ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి.

ఇక చెరువుల విషయానికి వద్దాం. ఓరుగల్లు సీమ చెరువుల మీద నిలిచిన సీమ. పాఖాల, రామప్ప, లక్నవరం, ఘనపురం మొదలైన పెద్ద చెరువులు కాకతీయుల నాటివి. వాటి చుట్టూ ఊరూరా వందలాది చిన్న చెరువులూ, కుంటలూ ఉన్నాయి. వీటి నిర్మాణంలోని కీలకం గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి దుమికితే ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని కింది దానికి. గొలుసులో ఒక లంకె తెగితే కింద ఒక ఆయకట్టు ఎండుతుంది, పైన ఒక బస్తీ మునుగుతుంది. చెరువుతో పాటు దానికి నీరు తెచ్చే వాగూ, దాని నుండి నీరు తీసుకొనిపోయే నాలా, నీరు పరచుకొనే శిఖం భూమీ కలిసి ఒకే వ్యవస్థ. మిషన్ కాకతీయ పేరిట 2015లో పూడికతీత మొదలుపెట్టినప్పుడు తెలంగాణలో 46,531 చెరువులను లెక్కగట్టారు. అంకె పెద్దదే. కాని చెరువులను విడివిడిగా లెక్కపెట్టినంత సులభంగా వాటి నడుమనున్న గొలుసును లెక్కపెట్టలేము. పాడయినది ఆ గొలుసే.

2020 ఆగస్టులో వరంగల్లు, హన్మకొండ బస్తీలలోకి వరద వచ్చింది. నాలాల మీద కట్టడాలు లేచినందువల్లనే నీటికి దారి లేకపోయిందని ప్రభుత్వమే ఒప్పుకొని ఆక్రమణలను తొలగించమని ఆదేశించింది. మూడేళ్ళు తిరిగాయి. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది, ఏటూరునాగారం వైపు కొండాయి గ్రామం నీట మునిగింది, ప్రాణాలు పోయాయి. నగరంలో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. ఆ పైన 2024 నవంబరులో పూడిక తీయటానికని ఆ చెరువు నీటిని దిగువకు వదిలివేయవలసి వచ్చింది.

అంత వాన పడితే ఎవరేం చేయగలరని అనవచ్చు. వానకు మనిషి బాధ్యుడు కాడు, నిజమే. ఆ వాన నీరు పోయే దారిలో ప్లాట్లు కొలిచి ఇచ్చినవాడు మాత్రం మనిషే. ఊరు ఖాళీ చేయమని రాత్రికి రాత్రి చెప్పవలసిన బాధ్యత ఉండీ చెప్పనివాడు మనిషే. ప్రకృతి వైపరీత్యమన్న మాట తరచుగా పాలనా వైఫల్యానికి కప్పే దుప్పటిగా ఉపయోగపడుతున్నది. పర్యావరణం ఒక విషయం, పరిపాలన మరొక విషయం అని విడదీసి చూడటమే ఇందులోని మొదటి పొరపాటు. చెరువు తనంతట తాను చావదు. ఒక దస్త్రంలో ఒక సంతకం పడిన రోజున దాని చావు మొదలవుతుంది.

మరి శాసనసభ్యుడు దీన్ని గురించి అడిగితే ఏమవుతుంది? నమూనాకు ఒక ప్రశ్నను ఊహించుకుందాం. సభలో ప్రశ్నలకు ఒక అచ్చు ఉన్నది. “(అ) వరంగల్లులోని ఫలానా చెరువు శిఖం భూమి ఆక్రమణకు గురి అయిన మాట వాస్తవమేనా? (ఆ) అయినచో, అందుకు బాధ్యులెవరు? (ఇ) వారిపై తీసుకున్న చర్యలేమిటి?” జవాబుకూ ఒక అచ్చు ఉన్నది. “(అ) లేదండి. (ఆ), (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.”

ఈ చిన్న వాక్యాన్ని కొంచెం ఆగి చూడవలసి ఉన్నది. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అనటంలో తర్కదృష్టితో చూస్తే దోషం లేదు. మొదటిది లేనప్పుడు రెండవది పుట్టదు. కాని మొదటిది లేదని ఏ ఆధారంతో తేల్చారు? నీటిపారుదల శాఖను అడిగితే, చెరువు మాది, నీరు మాది. భూమి సరిహద్దు రెవెన్యూ వారిది అంటుంది. రెవెన్యూ శాఖను అడిగితే, పూర్తి నీటిమట్టం ఎక్కడి దాకానో నీటిపారుదల వారు గుర్తించి చెప్పాలి, అది తేలలేదు గనుక ఆక్రమణ ఉన్నదనలేము అంటుంది. నగరపాలక సంస్థ, ఇంటి పన్ను వసూలు చేసినంత మాత్రాన హక్కు ఇచ్చినట్లు కాదంటుంది. పట్టణాభివృద్ధి సంస్థ తన పటం చూపుతుంది. కాలుష్య నియంత్రణ మండలి నీటి నమూనా తీసి, మురుగు కలుస్తున్నదని రాసి, మురుగును ఆపవలసింది నగరపాలక సంస్థ అని ముగిస్తుంది. చేపల సంగతి మత్స్యశాఖది, పడవల సంగతి పర్యాటక శాఖది. పైగా 2016లో పాత వరంగల్లు జిల్లాను ఐదుగా విడదీశారు. 2019లో ములుగు మరొక జిల్లా అయింది. 2021లో నగరమున్న జిల్లా పేరు హన్మకొండగా, గ్రామీణ జిల్లా పేరు వరంగల్లుగా మారాయి. గొలుసుకట్టు చెరువులు ఈ సరిహద్దులను ఎరుగవు. పై చెరువు ఒక కలెక్టరుది, దాని కింద మునిగే ఊరు మరొక కలెక్టరుది కావచ్చు.

ఈ జవాబులను వేరువేరుగా తీసుకుంటే వేటికవి చాలవరకు నిజాలే. అన్నీ కలిపితే మాత్రం పెద్ద అబద్ధం తయారవుతున్నది: చెరువు పోయింది గాని దాన్ని ఎవరూ పోగొట్టలేదు అనే అబద్ధం. నీతిశాస్త్రం సాధారణంగా అబద్ధం ఉన్నచోట అబద్ధమాడినవాడు ఒకడుంటాడని భావిస్తుంది. ఇక్కడ ఏ ఒక్కరూ అబద్ధమాడలేదు. బాధ్యతను ముక్కలు చేసి పంచుకొనటం వల్ల, ఆ ముక్కల మధ్య సందులలో నుండి చెరువు జారిపోయింది. అధికారవర్గ పాలన మన కాలానికి తెచ్చిపెట్టిన అసలైన నైతిక సమస్య ఇదే. దుర్మార్గుణ్ణి పట్టుకొని శిక్షించటం తెలిసిన న్యాయబుద్ధికి, దుర్మార్గుడు కనపడని దుర్మార్గాన్ని ఏం చేయాలో తోచటం లేదు.

పాత రోజులలో ఇట్లా లేదనీ, ఊరి చెరువుకు నీరటికాడుండేవాడనీ కొందరు నిట్టూరుస్తారు. నిజమే, ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతున్నదో వానికి తెలుసు. చెరువుకు గండి పడితే ఎవరిని పిలవాలో ఊరందరికీ తెలుసు. కాని ఆ నీరటికాడు ఎవరు? పంటలో ఇంత మేర పుచ్చుకొని బతికే అడుగు కులస్థుడు. ముందు నీరు ఎవరి మడికి పారాలో నిర్ణయించేవాడు దేశ్‌ముఖో, పటేలో. తప్పు జరిగితే దెబ్బలు తినేవాడు నీరటికాడు. దేశ్‌ముఖును అడిగేవాడు లేడు. నాడు బాధ్యుడు కనిపించేవాడు గాని ప్రశ్నించే హక్కు లేదు. నేడు ప్రశ్నించే హక్కు ఉన్నది గాని బాధ్యుడు కనిపించటం లేదు. ఈ రెంటిలో దేన్నో ఒకదాన్ని ఎన్నుకోమనటం న్యాయం కాదు. మనకు కావలసింది హక్కూ బాధ్యుడూ రెండూ. ఇంకొక మాట. నాటి అన్యాయంలో ఒక అంశం నేటికీ మిగిలే ఉన్నది. విచారణ జరిగిన చోట కూడా సస్పెండయ్యేది సాధారణంగా కింది ఉద్యోగి. లేఔటుకు అనుమతి ఇప్పించుకొన్నవాడు, ఇప్పించినవాడు క్షేమంగానే ఉంటారు.

దీనికి రాజ్యాంగం ఒక మందు చెప్పింది. 164వ అధికరణం ప్రకారం రాష్ట్ర మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. ఈ ‘సమష్టిగా’ అన్న మాటను మనం ప్రభుత్వాలు పడిపోయే సందర్భంలోనే తలచుకుంటాము. దాని అసలు విలువ మామూలు రోజులలో ఉన్నది. శాఖలు తమ పని సౌకర్యానికి విడిపోవచ్చు గాని ప్రజల ఎదుట విడిపోయే హక్కు వాటికి లేదని దాని అర్థం. ‘అది మా శాఖ పరిధిలోనిది కాదు’ అన్న జవాబు కచేరీలో చెల్లుతుంది. సభలో చెల్లరాదు. అక్కడ మాట్లాడుతున్నది శాఖ కాదు, ప్రభుత్వం.

ఇది పుస్తకాలలోని ఆదర్శం మాత్రమేనంటారా? 1957లో జీవిత బీమా సంస్థ కోటి రూపాయలకు పైగా పాలసీదారుల సొమ్మును ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలలో పెట్టింది. ఆ సెప్టెంబరులో లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. ముక్తసరి జవాబు వచ్చింది. సభ్యులు వదలలేదు. డిసెంబరులో పాలక పక్షానికే చెందిన ఫిరోజ్ గాంధీ కాగితాలతో సహా విషయాన్ని సభలో పరిచాడు. న్యాయమూర్తి చాగ్లా బహిరంగ విచారణ జరిపాడు. తన కార్యదర్శి చేసిన పని తనది కాదని తప్పుకొనటానికి మంత్రికి వీలు లేదని ఆయన తేల్చాడు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి పదవి వదలిపెట్టాడు. ఇక్కడ పని చేసింది మొదటి ప్రశ్న కాదు. మొదటి జవాబుతో తృప్తిపడని పట్టుదల. డబ్బు విషయంలో నిలబడిన ఈ సూత్రం నీటి విషయంలో ఎందుకు నిలబడరాదో చెప్పగలవారెవరూ లేరు. బీమా సొమ్ము వలెనే చెరువు కూడా ఒకరి సొత్తు కాదు, అందరి తరఫున దాచినది.

ఇంతవరకు జవాబు చెప్పేవాని సంగతి చెప్పాము. అడిగేవాని నీతి మాటేమిటి? ప్రశ్నించటం సులువు, ఎవరి పక్షాన ప్రశ్నిస్తున్నాడన్నది కష్టమైన విషయం. చెరువు శిఖంలో రెండు రకాల కట్టడాలు ఉంటాయి. ఒకటి, పల్లెలో బతుకు లేక పట్నం చేరి, వేరెక్కడా జాగా కొనలేక, నీళ్ళంచున గుడిసె వేసుకొన్న కూలివానిది. రెండవది, శిఖం పట్టాలో నీరు తీసినప్పుడు సాగు చేసుకొనే హక్కు తప్ప కట్టుకొనే హక్కు లేదని తెలిసీ, దాన్ని ప్లాట్లుగా కోసి అమ్మినవానిది. చట్టం దృష్టిలో రెండూ ఆక్రమణలే. ‘ఆక్రమణలు తొలగిస్తారా?’ అని మొత్తంగా అడిగిన ప్రశ్నకు ‘తొలగిస్తాము’ అని జవాబు వస్తే, ముందు బుల్‌డోజరు ఎవరి ఇంటి ముందు ఆగుతుందో వేరే చెప్పనక్కరలేదు. పేదవానికి స్టే తెచ్చుకొనే స్తోమత లేదు. అందుకని పేదల ఇళ్ళను చూపి ఆక్రమణలన్నిటినీ ఉండనివ్వమనటం కూడా సరికాదు. దాని చాటున లేఔటు వ్యాపారి దాక్కుంటాడు. పైగా వరద వచ్చినప్పుడు ముందుగా మునిగేదీ ఆ గుడిసెలే. కాబట్టి న్యాయమైన ప్రశ్న ఈ విధంగా ఉండాలి: ఈ భూమిని అమ్మినవారెవరు, అనుమతించిన సంతకం ఎవరిది, నీటి దారి నుండి లేపవలసిన పేద కుటుంబాలకు ముందుగా ఎక్కడ ఇళ్ళు చూపారు? ప్రశ్నను కూర్చే తీరులోనే ప్రశ్నించేవాని వర్గం బయటపడుతుంది.

మరొక చిక్కు ఉన్నది. ప్రతిపక్షంలో ఉండగా చెరువును గురించి ఆవేశంగా అడిగిన సభ్యుడే పాలకపక్షంలోకి వచ్చిన తరువాత అదే జవాబును అదే కాగితం మీద నుండి చదవటం మన రాజకీయాలలో వింత కాదు. దీన్ని వ్యక్తి బలహీనతగా మాత్రమే చూస్తే చాలదు. ప్రశ్న ఆ సభ్యుని సొంత సొత్తుగా ఉన్నంతకాలం ఇట్లాగే జరుగుతుంది. ప్రశ్న వెనుక ఆయకట్టు రైతులూ, మునిగిన బస్తీ వాసులూ, బెస్తల సంఘాలూ నిలబడి ఉంటే, సభ్యుడు మారినా ప్రశ్న మారదు.

ఇక్కడే ప్రశ్నోత్తరాలను నాటకమని కొట్టిపారేసే మిత్రులకు జవాబున్నది. ఉద్యమం లేని ప్రశ్న సభా కార్యకలాపాల పుస్తకంలో నిద్రపోతుందన్నది నిజం. నమోదు లేని ఉద్యమం కూడా అంతే త్వరగా మరపున పడుతుంది. మంత్రి సభలో చెప్పిన మాట ప్రభుత్వాన్ని కట్టిపడేసే పత్రం. ‘పరిశీలిస్తాము’, ‘సమాచారం సేకరిస్తున్నాము’, ‘చర్య తీసుకుంటాము’ వంటి హామీల వెంట పడటానికే లోక్‌సభ 1953లో హామీల సంఘాన్ని ఏర్పరచింది. హామీని మూడు నెలలలో నెరవేర్చాలన్నది అక్కడి నియమం. రాష్ట్ర శాసనసభలలోనూ ఇట్టి సంఘాలున్నాయి. ప్రశ్నోత్తరాలు నిజంగా ఉత్త నాటకమే అయితే, వాటిని రద్దు చేయటానికి అవకాశం దొరికినప్పుడు పాలకులు దాన్ని అంత తేలికగా అందుకొనేవారు కారు. 2020 సెప్టెంబరులో, కోవిడ్ పేరిట, పార్లమెంటు సమావేశాలలో ప్రశ్నోత్తరాల సమయాన్ని తీసివేశారు. లిఖిత జవాబులు మాత్రం ఉంచారు. అంటే కచేరీలో రాసిన జవాబు ఉన్నది. రెండవ ప్రశ్న పోయింది. 1909 నాటి భయం ఇంకా తీరలేదన్నమాట.

అందువల్ల విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఇందులో పని ఉన్నది. సభలో మీ ప్రాంతపు చెరువుమీద వచ్చిన జవాబును సంపాదించండి. దాన్ని తీసుకొని చెరువు దగ్గరకు వెళ్ళండి. మత్తడి నుండి నాలా వెంట కింది చెరువు దాకా నడవండి. దారి ఎక్కడ మూసుకుపోయిందో రాసుకోండి. అక్కడి వృద్ధులను నీరు ఎంతవరకు పరచుకొనేదో అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ సర్వే నెంబర్లకు ఎవరెప్పుడు అనుమతి ఇచ్చారో కోరండి. జవాబులో ఉన్నదీ నేలమీద ఉన్నదీ పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి, బస్తీ సమావేశంలో చదవండి. ఆ తరువాత ఆ కాగితాన్ని మీ శాసనసభ్యునికి ఇచ్చి, అతడు ఏ పార్టీవాడైనా సరే, దాన్ని అనుబంధ ప్రశ్నగా వేయమని కోరండి. వేయకపోతే ఎందుకు వేయలేదో అతణ్ణి అడగండి. శాఖను ప్రశ్నించే హక్కు సభ్యునికి ఎంత ఉన్నదో, సభ్యుణ్ణి ప్రశ్నించే హక్కు మనకూ అంతే ఉన్నది.

అప్పుడు కూడా మొదటి జవాబు ‘లేదండి’ అనే రావచ్చు. కాని సర్వే నెంబరుతో, తేదీతో, సంతకంతో సహా అడిగిన తరువాత ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అనటం అంత సులభం కాదు. ప్రశ్న పుట్టిన చోటు అప్పటికి నలుగురికీ తెలిసి ఉంటుంది.